జెడ్ కార్ల డిఫ్ మౌంట్, ఇంజిన్ మౌంట్ల పని గురించి మా కస్టమర్లకు

శాన్ హోసేలోని మా గ్యారేజీలో డాట్సన్ 240జెడ్ స్పోర్ట్స్ కారు వదిలివెళ్లిన వాళ్లకీ, లైనులో ఉన్నవాళ్లకీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇకనుంచి డిఫరెన్షియల్ (డిఫ్, అంటే ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ముందు మౌంట్, అంటే దాన్ని పట్టి ఉంచే రబ్బరు ముక్క, ఒక్కటే మార్చమంటే మార్చం. ఇంజిన్ మౌంట్లు రెండూ చూసి, పాడైతే వాటినీ అదే పనిలో మారుస్తాం. దీనివల్ల కొందరికి బిల్లు పెరుగుతుంది. కొన్ని కార్లు ఇంకొన్నాళ్లు మా దగ్గరే ఉంటాయి.

మీలో చాలామంది చెప్పేది ఒకటే: "క్లచ్ వదలగానే వెనక ధడ్‌మని కొడుతోందండీ, డిఫ్ పోయినట్టుంది." కొందరైతే ఆన్‌లైన్‌లో పాత డిఫ్ చూసి బేరం కూడా ఆడేసి వస్తారు. దయచేసి ఆగండి. ఈ కారులో ఉండే ఆర్180 గట్టి డిఫ్. ఆయిల్ సరిగా ఉంటే లోపలి గేర్లు అంత తేలిగ్గా పోవు. ఎక్కువగా పోయేది దాని ముక్కు (ముందు కొస) కింద ఉండే మౌంట్. రెండు ఇనుప పలకల మధ్య రబ్బరు అతికించిన ముక్క అది. కారును లిఫ్ట్ ఎక్కించి, డిఫ్ ముక్కు కింద ప్రై బార్ (పొడవాటి ఇనుప కడ్డీ) పెట్టి ఎత్తితే అసలు సంగతి బయటపడుతుంది. బాగున్న రబ్బరు కాస్త సాగి మళ్లీ కూర్చుంటుంది. చిరిగినదైతే పై పలక విడిపోయి, వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. బార్ తీసేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టే ఉంటుంది, ఎందుకంటే డిఫ్ బరువే ఆ చిరుగును మూసి ఉంచుతుంది. అందుకే పైపైన చూసి "మౌంట్ బాగానే ఉంది" అన్న మాటను నేను నమ్మను.

ఆ రబ్బరు మీద పడే భారం ఎంతో చూడండి. అమెరికాకు వచ్చిన 240జెడ్ ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 146 పౌండ్-ఫుట్. నాలుగు గేర్ల బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.549, డిఫ్‌ది 3.364. రెండూ గుణిస్తే దాదాపు 12 రెట్లు. చక్రాలను ముందుకు తిప్పేంత బలంతోనే డిఫ్ ముక్కు పైకి లేస్తుంది, యాక్సిలరేటర్ వదలగానే కిందకు పడుతుంది. ముక్కు మరీ లేవకుండా పైన ఒక పట్టీ ఉంటుంది. మౌంట్ తెగాక భారమంతా ఆ పట్టీ మీదే.

ఇంజిన్ మౌంట్లకూ ఇదే గతి, భారం కాస్త తక్కువ. మొదటి గేరులో ఇంజిన్, గేర్‌బాక్సు కలిపి మూడున్నర రెట్ల టార్క్‌తో పక్కకు ఒరుగుతాయి. అప్పుడు డ్రైవర్ వైపు, అంటే ఇక్కడి కార్లలో ఎడమవైపు, మౌంట్ సాగుతుంది. ఎగ్జాస్ట్ కూడా అటే ఉండడంతో వేడికి అదే ముందు బీటలు వారుతుంది. కుడివైపు మౌంట్‌కు శత్రువు ఆయిల్. ఫిల్టర్ అటువైపే ఉంది కదా, మార్చినప్పుడల్లా కారిన ఆయిల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. వీటిని వదిలేసి డిఫ్ మౌంట్ ఒక్కటే కొత్తది వేస్తే కుదుపు పూర్తిగా పోదు. మీరు మళ్లీ రావాలి, మళ్లీ లేబర్ కట్టాలి. ఆ రెండో బిల్లు మీ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య వచ్చిన కొత్త మౌంట్లలో కొన్నింటికి బిగించకముందే పలక అంచున రబ్బరు ఊడిపోతోంది. వాటిని వెనక్కి పంపేశాం. మంచి సరుకు చేతికి వచ్చేదాకా మీ కారుకు ఏదో ఒకటి బిగించి పంపడం మాత్రం జరగదు.

"సాలిడ్ మౌంట్ (రబ్బరు లేని గట్టి మౌంట్) వేసేస్తే పీడా పోతుంది కదా" అని అడిగేవాళ్లున్నారు. రేసు ట్రాక్ మీదే తిరిగే కారైతే సరే. రోడ్డు మీద తిరిగే కారుకు మేం వెయ్యం. ఈ కారులో సీట్ల వెనక డిక్కీకి అడ్డుగోడ లేదు. డిఫ్ గోల నేరుగా చెవుల్లోకి వస్తుంది, రబ్బరు మింగాల్సిన కుదుపు బాడీ వెల్డింగుల మీదకు పోతుంది. డిఫ్ వెనక భాగాన్ని పట్టి ఉంచే, మీసంలా వంగి ఉండే బార్ చివరల్లో పాలీయూరిథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు కావాలంటే వేస్తాం, వాటితో ఇబ్బంది లేదు. 1970లో 3,526 డాలర్లకే అమెరికాలో అమ్మి, అప్పట్లో అమెరికాలో డాట్సన్ అమ్మకాలు నడిపించిన యుటకా కటయామా గారు మామూలు జీతగాడికి కూడా అందేలా చేసిన కారు ఇది. దూరప్రయాణం హాయిగా చెయ్యగలగాలి, అదే దాని అందం.

బోల్టులన్నీ ముందు చేత్తో పట్టించి, కారును నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ఇంజిన్ కాసేపు ఐడిల్‌లో తిప్పి, అన్నీ సర్దుకున్నాకే టార్క్ రెంచ్‌తో బిగిస్తాం. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మొదటిరోజు నుంచే మెలిపడి ఉంటుంది. అందుకని పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తామంటే కుదరదు.

విప్పి చూశాక ఇంజిన్ మౌంట్లు బాగున్నాయనుకోండి, ఫొటో తీసి పంపుతాం, వాటికి పైసా తీసుకోం. చెడిపోయినా ముందు మీకు ఫోన్ చేశాకే మారుస్తాం. మీ వంతు వచ్చేదాకా క్లచ్ మెల్లగా వదలండి, సిగ్నల్ దగ్గర ఎగిరి దూకకండి. తెచ్చేటప్పుడు డిక్కీలో స్పేర్ టైరు తప్ప సామాను ఏమీ లేకుండా తీసుకురండి. జాకీ, పానాలు దొర్లుతుంటే ఏ చప్పుడు దేనిదో పట్టుకోలేం.