అనంతగిరి గుట్టల్లో సైకిల్ బాట: పర్యాటక శాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. బాగుంది, కానీ అది నగరం అంచుదే. సామాను సంచులతో రెండు మూడు రోజులు తిరిగేవాళ్ళకు కావలసింది మూసీ పుట్టిన అనంతగిరిలో మోటారు బండ్లు రాని దారి.

కొత్త తారు అక్కర్లేదు. పాత ఎడ్లబండి బాటల మీదే మొరం పరిచి, తడిపి, రోలర్ తిప్పితే చాలు. వదులు కంకర మాత్రం వద్దు, దిగుడులో ముందు చక్రం జారేది దానిమీదే. మీటరు వెడల్పుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు పెట్టకపోతే తొలకరికే నీళ్ళు నడిమధ్యన కాలవ తవ్వేస్తాయి.

బాట మొదట్లో రెండు రాతి కూసాలు పాతండి, నడుమ 1.2 మీటర్లు. ఆటో పట్టదు, సంచుల సైకిల్ పడుతుంది. బైకు దూరుతుంది, నిజమే. దానికి కాపలా మనిషే మందు. తుమ్మ కొమ్మలు కొట్టి బాటమీదే వదిలేయొద్దని కూలీలకు గట్టిగా చెప్పించండి. ఎండిన ముల్లు టైరు దాటి ట్యూబులోకి దిగుతుంది.

ఇట్లు,
హైదరాబాద్ సైకిల్ యాత్రికులు