ఐఎల్-6 ఒక్కటే, దారులు రెండు

ఒరేయ్ రవీ,

కణం బయటి కబురుని లోపలికి చేరవేసే జాక్‌లు, స్టాట్‌లు, దాన్ని ఆపే సాక్స్‌లు అన్నీ కలగాపులగం అయిపోతున్నాయని రాశావు. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకురా. ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6, వాపు కబురు మోసే ప్రోటీన్) ఒక్కదాన్ని పట్టుకో, అది ఒంటబడితే దాని చుట్టాలన్నీ లొంగుతాయి. టీఎన్ఎఫ్, ఐఎల్-1 కూడా వాపు కబుర్లే అయినా వాటి దారి వేరు, అవి ప్రధానంగా ఎన్ఎఫ్-కప్పాబి అనే మరో జన్యు స్విచ్ వైపు పోతాయి. వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టెయ్.

ఐఎల్-6 కబురు అందుకునే రిసెప్టర్లు రెండు: ఐఎల్-6 రిసెప్టర్, దాని జోడీ జీపీ130. వీటికి సొంత ఎంజైమ్ లేదు. జీపీ130 తోకకి, కణం లోపలివైపు, జాక్ అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అంటిపెట్టుకుని ఉంటుంది. ఐఎల్-6 ముందు తన రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, ఆ జంట వెళ్లి జీపీ130ని పట్టుకుంటుంది. ఒక్కోటి రెండేసి చొప్పున ఆరూ గుంపు కట్టాక జాక్‌లు దగ్గరపడి ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. అవి జీపీ130లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్ పెడితే స్టాట్3 అనే ప్రోటీన్ వచ్చి అక్కడ కూర్చుంటుంది. దాని 705వ టైరోసిన్ మీద ఫాస్ఫేట్ పడగానే స్టాట్3లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని లేపుతాయి. కాలేయంలో సీఆర్‌పీ (రక్తపరీక్షలో వాపుని చూపే ప్రోటీన్) పెరిగేది ఇలాగే.

అసలు విశేషం ఇప్పుడు చెప్తా. జీపీ130 దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. ఐఎల్-6 రిసెప్టర్ మాత్రం కాలేయ కణాలు, కొన్ని తెల్లరక్తకణాల వంటి కొద్దిచోట్లే. మరి మిగతా కణాలకి కబురు ఎలా అందుతుంది? ఆడమ్17 అనే ఎంజైమ్ రిసెప్టర్ బయటిభాగాన్ని కత్తిరించేస్తుంది. తెగిన ఆ ముక్క ఐఎల్-6ని వెంటబెట్టుకుపోయి, రిసెప్టరే లేని కణం మీది జీపీ130ని కూడా కదిలిస్తుంది. ట్రాన్స్ సిగ్నలింగ్ అంటే ఇదే. సొంత రిసెప్టర్ ద్వారా వెళ్లేది మొదటి దారి, ఇది రెండోది. ఐఎల్-6 రిసెప్టర్‌ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు రెండు దారుల్నీ మూసేస్తుంది. అందుకే ఆ మందు మీదున్నవాళ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ పెరక్కపోవచ్చు. అంకె తక్కువుందని నిశ్చింతగా కూర్చోవడం చాలా ప్రమాదం.

ఇక నీ బ్లాట్ సంగతి, అంటే ఫాస్ఫేట్ పడ్డ స్టాట్3ని యాంటీబాడీతో గీతలా (బ్యాండ్) చూసే పరీక్ష. హెప్‌జీ2 అనే కాలేయ కణాల్ని ముందు కొన్ని గంటలు సీరం లేకుండా ఉంచు, లేదంటే మొదటి గీతే నల్లగా వచ్చి తేడా తెలియదు. మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల ఐఎల్-6 వేసి 0, 15, 30, 60, 120 నిమిషాలకి తియ్యి. సాధారణంగా 15–30 దగ్గర బ్యాండ్ గట్టిగా వచ్చి, తర్వాత పలచబడుతుంది. ప్రయోగం చెడిందని కంగారుపడకు. స్టాట్3 తానే సాక్స్3 అనే అడ్డుకునే ప్రోటీన్‌ని తయారుచేయిస్తుంది, అది జీపీ130 759వ టైరోసిన్ దగ్గర చేరి జాక్ నోరు మూసేస్తుంది. 120 నిమిషాల శాంపిల్ ఒక్కటే చూస్తే సిగ్నలే లేదనుకుంటావు.

లైసిస్ (కణాల్ని పగలగొట్టడం) అంతా ఐస్ మీదే చెయ్యి, బఫర్‌లో ఆర్థోవనడేట్ మరిచిపోకు. అది లేకపోతే ఫాస్ఫటేజ్‌లు అనే ఎంజైమ్‌లు ఫాస్ఫేట్‌ని ఊడబీకేస్తాయి. బ్లాకింగ్‌కి, అంటే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా పొరని కప్పడానికి, పాలపొడి వద్దు, 5 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) వాడు. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లుంటాయి, దానివల్ల బ్యాక్‌గ్రౌండ్ నల్లబడి బ్యాండ్ సరిగా కనపడదు. ఫాస్ఫేట్ ఉన్నా లేకపోయినా మొత్తం స్టాట్3ని కూడా యాంటీబాడీతో ప్రోబ్ చెయ్యి, లోడింగ్ తేడానో సిగ్నల్ తేడానో అప్పుడే తేలుతుంది.

ఫిల్మ్ రాగానే ఫొటో పంపు, కలిసి చూద్దాం.

నీ
శ్రీను