తాళం వేసిన ఇళ్ల లెక్క ఎవరు రాస్తారు?

జనగణన ఉన్నతాధికారి గారికి నమస్కారం.

రెండుసార్లు రాసినా జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాను. పాలమూరు పల్లెల్లో దసరా దాటితే జనం పనికోసం వలసపోతారు, ఇళ్లకు తాళాలు పడతాయి. మా పక్కింట్లో ముసలమ్మ, బడి మానేసి తమ్ముణ్ని ఎత్తుకు తిరిగే మనవరాలు మిగిలారు. జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. అప్పటికి మావాళ్లు ఇటుక బట్టీల దగ్గరుంటారు.

2011 జనగణనలో పుట్టిన ఊరు, గత నివాసం, వలస కారణం అడిగారు. దాదాపు 45 కోట్ల వలసదారులు తేలారు. అత్యధికులు చెప్పిన కారణం పెళ్లి. ఆ లెక్కన మా అమ్మా వలసదారే! ఆరు నెలలు పోయివచ్చే కూలీ మాత్రం ఆ ప్రశ్నల్లో ఇమడడు.

దయచేసి "గత ఏడాది పనికోసం ఎన్ని నెలలు ఊరు విడిచారు?" అన్న ప్రశ్న చేర్చండి. బట్టీలకూ గణకులను పంపండి. ఈసారి రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
పాలమూరు వాసి