ఆ బీరువా తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం. గిరిజన గురుకులాల్లో తాళం వేసి ఉంచే లైబ్రరీ బీరువాల గురించి ఈ ఉత్తరం.

ఉట్నూరు ఏజెన్సీలో ఇరవై రెండేళ్లు జీవశాస్త్రం చెప్పి, రిటైరై రామంతాపూర్‌లో ఉంటున్నాను. దసరా సెలవుల్లో నా దగ్గర చదువుకున్న గోండు కుర్రాడు (కుర్రాడేమిటి, తల నెరిసింది) ఆరో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. ముగ్గురం బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లాం. అక్కడ నిలబెట్టిన 44 అడుగుల రాక్షసబల్లి అస్థిపంజరాన్ని చూపించి, "ఇది మీ దిక్కుదే బిడ్డా" అన్నాను. నమ్మలేదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి. ఒక్క జంతువువి కావు, అక్కడ మొత్తం 840 ఎముకలు దొరికాయి. భూగర్భ సర్వే శాస్త్రవేత్త యాదగిరి 1988లో దానికి 'కోటాసారస్ యామనపల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. పాప ఆ పేరు నాతో నాలుగుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "మా బళ్లె ఎవ్వరు చెప్పలె తాతా" అంది.

ఆ మాట నాకూ తగిలింది. ఓరియన్ అనే చుక్కల గుంపు అంటే వేటగాడని నేను పాఠం చెబుతుంటే, మా పిల్లలు "కాదు సార్, నాగలి" అనేవాళ్లు. తప్పని దిద్దేవాణ్ణి. ముంబయి టాటా పరిశోధన సంస్థకు చెందిన మయాంక్ వాహియా, గణేశ్ హల్కారేతో కలిసి మహారాష్ట్ర గోండు గూడేలు తిరిగి రాసిన వ్యాసం చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఓరియన్ వాళ్లకు నాగలేనట. అప్పుడు చెంపలేసుకున్నాను.

పాప చదివే గురుకులంలో లైబ్రరీ ఉందట. బీరువాకు తాళం కూడా ఉందట. పుస్తకం పోతే జీతంలో కోస్తారని సార్లకు భయం. వాళ్లనేం అనను, ఆ తాళంచెవి జేబులో వేసుకుని తిరిగినవాణ్ణే నేనూ. ఏటా ఇన్ని పుస్తకాలు చిరిగినా పోయినా అడగబోమని గిరిజన సంక్షేమ శాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, సగం తాళాలు ఊడతాయి.

ఇక బీరువాలో ఏముండాలంటే, పోటీ పరీక్షల గైడ్లు కాదు. ఇప్పపువ్వు ఏరడం ఆ పిల్లలకు నేర్పక్కర్లేదు. అది తెల్లవారుజామునే ఎందుకు రాలుతుందో, దాని దగ్గర గబ్బిలానికేం పనో చెప్పే పుస్తకం కావాలి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో తెలుగు లిపిలోనే గోండి. ముప్పై రెండు పేజీలుంటే చాలు, బొమ్మలు మాత్రం గూడెం పిల్లలే వేయాలి.

డిసెంబరులో ఇక్కడ పుస్తక ప్రదర్శన పెడతారు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు నుంచి రెండు బస్సుల పిల్లల్ని తీసుకురండి, అదే రోజు మ్యూజియమూ చూపించవచ్చు. కోటాసారస్ కథ నేను చెబుతాను. మోకాళ్లు సహకరించవుగానీ, మ్యూజియం ఉన్న గుట్ట నౌబత్ పహాడ్ మెట్లు మెల్లగా ఎక్కగలను.

- విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, రామంతాపూర్, హైదరాబాద్