ఫ్రీ అన్నదాని ధర కూడా బిల్లులో రాయించండి

గౌరవనీయులైన కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వెయ్యి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొన్నవాళ్లకు పది కొన్నవాళ్లకంటే తక్కువ ధరకు ఇవ్వడం తప్పు కాదు. షాట్ గ్లాస్ కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఎంత కొంటే ఎంత తగ్గింపు అన్న లెక్క అందరికీ ఒకటే అయితే అది వివక్ష కాదంది. అది మందుల సీసాలకు వాడే గాజు గొట్టాల తగాదా. అయినా సాఫ్ట్‌వేర్‌కూ వర్తిస్తుంది. పెద్ద కంపెనీ చవగ్గా అమ్ముతోందని ఏడుస్తూ నేనీ ఉత్తరం రాయడం లేదు.

నా బాధ వేరు. మాది విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆన్‌లైన్ క్లాసులు, మీటింగులు పెట్టుకునే యాప్‌ను కాలేజీలకు అమ్ముతాం. ఒక కాలేజీ కరస్పాండెంట్ గారు డెమో అంతా చూసి, "బాగుందండీ, కానీ మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో మీటింగ్ యాప్ ఫ్రీగా వస్తోంది కదా" అన్నారు. అది వద్దంటే ఎంత తగ్గుతుందో డీలర్‌ని అడగమన్నాను. నా ముందే ఫోన్ చేశారు. "ఏమీ తగ్గదు సార్. పైగా ప్యాకేజీ విడగొడితే ఉన్న డిస్కౌంట్ పోతుంది" అన్నాడతను. ఇక మేం రేటు సగానికి దించినా ఏం లాభం? సున్నాతో ఎవరు పోటీపడతారు? నిజానికి అది సున్నా కూడా కాదు. దాని ఖరీదు ప్యాకేజీలో ఎక్కడో కలిసిపోయి ఉంది.

యూరియా బస్తా కావాలంటే నానో యూరియా సీసా కూడా కొనాల్సిందేనని డీలరు లింకు పెడితే, లైసెన్సు రద్దు చేస్తామని వ్యవసాయ శాఖ హెచ్చరిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అదే లింకు పెడితే ఆఫర్ అంటున్నాం.

పోటీ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లను కట్టగట్టి ఎక్కించాలన్నందుకు ఆ చట్టాన్ని అమలుచేసే పోటీ కమిషన్ (సీసీఐ) గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2019లో విచారణకు ఆదేశిస్తే తీర్పు 2022 అక్టోబరులో వచ్చింది. ఐరోపాలో ఇంకా ఆలస్యం. తన మీటింగ్ యాప్ టీమ్స్‌ను ఆఫీసు ప్యాకేజీకి అంటగడుతోందని మైక్రోసాఫ్ట్ మీద, పోటీ మెసేజింగ్ యాప్ కంపెనీ స్లాక్ 2020 జులైలో ఫిర్యాదు చేసింది. టీమ్స్ లేని ప్యాకేజీని తక్కువ ధరకు అమ్ముతామన్న హామీకి ఐరోపా కమిషన్ ముద్ర పడింది 2025 సెప్టెంబరులో. ఈలోగా స్లాక్‌ను సేల్స్‌ఫోర్స్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసుకుంది. అంతటి కంపెనీ సంగతే అలా ఉంటే, నెలాఖరు జీతాల టెన్షన్‌తో బతికే మాలాంటివాళ్లు తీర్పు దాకా ఉంటామా?

అందుకే 2024 మార్చిలో మీ శాఖ డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా పెట్టినప్పుడు ఆశపడ్డాం. ఒక సేవతో పాటు మరొకటి వాడమని పెద్ద డిజిటల్ కంపెనీలు బలవంతపెట్టడమే కాదు, ఆశపెట్టడమూ కుదరదని అందులో ఉంది. డిస్కౌంట్ ఎర దీని కిందికే వస్తుంది. కానీ బిల్లు వర్తించే సేవల జాబితాలో సెర్చ్, బ్రౌజర్, ఆపరేటింగ్ సిస్టమ్, క్లౌడ్ (ఇంటర్నెట్ మీద అందించే కంప్యూటర్ సేవలు) లాంటివి ఉన్నాయి తప్ప ఆఫీసు సాఫ్ట్‌వేర్ పేరు లేదు. అది క్లౌడ్ కిందికి వస్తుందా రాదా అని లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకుంటారు. పేరు పెట్టి చేర్చండి.

ప్యాకేజీలో ఉన్న ప్రతిదానికీ విడి ధర రాయాలని, వద్దన్నదాని ధర తగ్గించాలని నిబంధన పెట్టండి. లైసెన్సుల సంఖ్యను బట్టి డిస్కౌంట్ ఎంతైనా ఇచ్చుకోనివ్వండి. వేరే కంపెనీది కొంటే ఆ డిస్కౌంట్ పీకేసే షరతును మాత్రం ఆపండి. బిల్లుకు టైం పడుతుందంటే, ఆర్థిక శాఖా మీ చేతిలోనే ఉంది కనుక, ముందు ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనల్లో ఈ విడి ధర మాట చేర్చండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని