ట్రైలర్ సంగతి తర్వాత, ముందు ఎవరైనా ఫోన్ ఎత్తండి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నా కాంపాక్ట్ లోడర్‌కు మీవాళ్ళు అంటగట్టిన ట్రైలర్, ఆపైన నాకు జరిగిన మర్యాద

అయ్యా,

ఈ ఉత్తరం మీ చేతికి అందుతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. ఇంతకుముందు రాసినవేవీ అందినట్టు లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్‌లో మీ హోల్డ్ సంగీతం నాకు కంఠతా వచ్చేసింది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని మధ్యమధ్యలో ఓ గొంతు చెబుతుంటుంది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదండీ!

కొనేముందు నేను అడిగింది ఒకటే. మట్టీ రాళ్ళూ ఎత్తే నా చిన్న యంత్రం, స్కిడ్ స్టీర్ లోడర్, బకెట్‌తో కలిపి 3,400 కిలోలు, దానికి తగిలించే బ్రేకరూ (రాళ్ళు పగలగొట్టేది) ఫోర్కులూ (సరుకు ఎత్తేవి) కలిపి ఇంకో 500, దీనికి ఏ ట్రైలర్ సరిపోతుంది అని. మీ సేల్స్ అబ్బాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇది 4,500 కిలోల మోడల్ సార్. మీ లోడర్ పోగా ఇంకా 1,100 మిగులుతుంది, మీ సామాన్లన్నీ వేసుకోవచ్చు" అన్నాడు, కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. ట్రైలర్ వచ్చాక హిచ్ (లాగే బండికి తగిలించే కొక్కెం) పక్కన రివెట్లు కొట్టిన ప్లేటు మీద గ్రీజు తుడిచి చూశాను. 4,500 అంటే ట్రైలర్, దాని మీది సరుకు కలిపి ఉండాల్సిన మొత్తం బరువు. ట్రైలర్ సొంత బరువెంతో తెలుసా? సరిగ్గా 1,100. అంటే మీవాడు నాకు మిగిల్చింది ట్రైలర్ బరువే! లోడర్ ఎక్కితే చివరి కిలో దాకా నిండిపోతుంది. మిగతా సామాను నేను నెత్తిన పెట్టుకోవాలి కాబోలు.

సరే, పొరపాట్లు అందరికీ జరుగుతాయి, చెబితే మార్చేస్తారులే అనుకున్నాను. అసలు కథ అక్కడే మొదలైంది.

మొదట మాట్లాడినామె "మీ ట్రైలర్‌లో లోపం ఏంటి సార్?" అని అడిగింది. లోపం ట్రైలర్‌లో లేదమ్మా, మీరు చెప్పిన లెక్కలో ఉంది అన్నాను. "లోపం లేకపోతే ఫిర్యాదు నమోదు కాదు సార్" అంటూ స్పేర్ పార్టులవాళ్ళకు కలిపింది. వాళ్ళు నాకు టైర్లు అమ్మబోయారు. అక్కడినుంచి సేల్స్‌కు పంపారు. సేల్స్‌వాళ్ళు, డెలివరీ అయిపోయింది కనుక సర్వీస్‌తో మాట్లాడమన్నారు. సర్వీస్ అంటే మళ్ళీ మొదటి నంబరే. గానుగెద్దు కూడా ఇన్ని చుట్లు తిరగదు.

ఇంకొకాయన మాత్రం ఎంతో ఓపిగ్గా సలహా ఇచ్చాడు. "బ్రేకర్ ఇంట్లో వదిలేసి వెళ్ళండి, కావాలంటే రెండో ట్రిప్‌లో తెచ్చుకోండి." లోడర్‌ను ఎక్కడ నిలపాలి అని అడిగితే "సరిగ్గా మధ్యలో పెట్టేయండి, బ్యాలెన్స్ అయిపోతుంది" అన్నాడు. ఇలాంటి ట్రైలర్‌కు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, అందుకే బరువు యాక్సిళ్ళకు కాస్త ముందుకు ఉండాలి. అది తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది, లాగే బండిని కూడా ఈడ్చుకుపోతుంది. ర్యాంప్ గురించి అడిగితే "ముందుకు నడిపి ఎక్కించండి" అట. ఖాళీ బకెట్ ఉన్న స్కిడ్ స్టీర్‌కు బరువంతా వెనక ఇంజిన్ వైపే కదా! బరువైన వైపు ఎగువన ఉండాలి కాబట్టి రివర్స్‌లోనే ఎక్కించాలి. ఆయన మాట వింటే ర్యాంప్ మధ్యలోనే ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. నేను ఇదంతా చెప్పాక "టెక్నికల్ టీమ్ మీకు కాల్ చేస్తుంది" అన్నాడు. ఆ టీమ్ ఉన్నట్టు నాకైతే ఇప్పటిదాకా ఆధారం దొరకలేదు.

చివరికి ఓ మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" పరిష్కరించింది ఎవరో, ఎప్పుడో, నాకు చెప్పకుండా ఎందుకు పరిష్కరించారో తెలియదు. అదే టికెట్ (నా ఫిర్యాదుకు మీరిచ్చిన నంబరు) మళ్ళీ తెరవమని రాస్తే, మూసిన టికెట్‌కు జవాబు ఇవ్వలేమని ఆటోమేటిక్ జవాబు. నా రక్తం మరిగింది అక్కడేనండి. ట్రైలర్ దగ్గర కాదు.

మా నాన్నగారు కొన్న మీ పాత ట్రైలర్ ఇంకా నా షెడ్డులోనే ఉంది, ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ నమ్మకంతోనే పక్క కంపెనీ గుమ్మం తొక్కకుండా నేరుగా మీ దగ్గరికొచ్చాను. తెలిసినవాళ్ళకు కూడా మీ పేరే చెప్పేవాణ్ణి. ఇకమీదట కూడా చెబుతాను, ఏం చెబుతానన్నదే మారుతుంది.

లోడర్, సామాను, ట్రైలర్ కలిపితే సరిగ్గా 5 టన్నులు. దానికి కాస్త వెసులుబాటుతో 6 టన్నులకు తగ్గని, అన్ని చక్రాలకూ బ్రేకులున్న ట్రైలర్‌తో మార్చి ఇవ్వండి. తేడా డబ్బు గురించి మాట్లాడదాం, కానీ ప్లేటు చదవడం వచ్చిన మనిషితో. మీ మాట నమ్మి రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో నన్ను ఊహించమనకండి, మీ లాయరును ఊహించమనండి. జవాబు రాకపోతే మీ సేల్స్ అబ్బాయి రాసిచ్చిన కాగితం, ఆ ప్లేటు ఫొటో రెండూ వినియోగదారుల కోర్టుకు వెళ్తాయి. దీనికి మాత్రం దయచేసి టికెట్ నంబరు పంపకండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్, ప్రస్తుతానికి