సర్వర్ తరలింపు: మూడు రోజులు ఎందుకు పడుతోంది?

సంపాదకుల వారికి,

అయ్యా,

‘సర్వర్ల తరలింపు కారణంగా శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం వరకు ఆన్‌లైన్ సేవలు అందుబాటులో ఉండవు’ అన్న తరహా ప్రకటనలు పత్రికల్లో తరచుగా కనిపిస్తుంటాయి. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడిని కనుక, ఆ మూడు రోజుల్లో నిజంగా ఏం జరుగుతుందో, అందులో యంత్రాల వల్ల పట్టే సమయమెంతో, మన ముందుచూపు లేమి వల్ల పట్టేదెంతో పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేడు చాలా చోట్ల సర్వర్ అంటే ఇనుప పెట్టె కాదు; ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ వాటాలు వేసి పంచగా, ఆ వాటాలో నడిచే వర్చువల్ మిషన్. దాని డిస్కు ఒక ఫైలు, దాని మెమరీ ఆ పెద్ద యంత్రం మెమరీలో ఒక భాగం. కాబట్టి దాన్ని వేరే యంత్రం మీదికి చేర్చడమంటే ప్రధానంగా నకలు తీయడమే. నడుస్తున్న మిషన్‌ను ఆపకుండా నకలు తీసే విద్య కూడా కొత్తదేమీ కాదు. వర్చువల్ మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్ సంస్థ వీమోషన్ పేరుతో 2003లోనే దాన్ని అందుబాటులోకి తెచ్చింది. కేంబ్రిడ్జ్, కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2005లో జెన్ అనే అలాంటి మరో సాఫ్ట్‌వేర్ మీద చూపిన పద్ధతిలో ముందు మెమరీ మొత్తాన్ని పంపుతారు. పంపుతున్న లోపల మారిపోయిన పేజీలను, అంటే మెమరీ ముక్కలను, మళ్లీ పంపుతారు. మారేవి కొద్దిగా మిగిలేదాకా ఇలా విడతలు విడతలుగా సాగించి, చివర్లో మిషన్‌ను క్షణకాలం నిలిపి, మిగిలినవి చేరవేసి, అవతలి యంత్రం మీద లేపుతారు. ఆటగాళ్లు ఆడుతూ ఉండగానే క్వేక్ 3 ఆట సర్వర్‌ను వారు ఇలా తరలించినప్పుడు అది ఆగింది 60 మిల్లీసెకన్లే.

మరి మన దగ్గర మూడు రోజులెందుకు? ఆ ప్రయోగం వెనుక ఒక షరతు ఉంది: బయలుదేరిన యంత్రమూ చేరిన యంత్రమూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. అలా ఉన్నప్పుడు, కొత్త చోట లేచిన మిషన్ ‘ఈ చిరునామా నాదే, ఇప్పుడు ఇక్కడున్నాను’ అని ఆ నెట్‌వర్క్ అంతటికీ ఒక కేక వేస్తుంది. యంత్రాలను కలిపే స్విచ్చులు ఆ కేక విని తమ పట్టిక దిద్దుకుంటాయి. కానీ ఆ కేక తన నెట్‌వర్క్ పొలిమేర దాటి వినిపించదు. నెట్‌వర్క్‌లో యంత్రానికి ఉండే అంకెల చిరునామా, అంటే ఐపీ చిరునామాలో మొదటి భాగం పిన్‌కోడ్ లాంటిది. అది మనిషిని కాదు, ప్రాంతాన్ని చెబుతుంది. ఇల్లు విశాఖపట్నానికి మారినా హైదరాబాద్ పిన్‌కోడే రాసుకుంటానంటే ఉత్తరం ఎక్కడికి పోతుందో ఇక్కడా అంతే. పోనీ చిరునామా మార్చుకుందామంటే, నడుస్తున్న ప్రతి కనెక్షనూ రెండు కొసల చిరునామాలకూ పోర్టు నంబర్లకూ (యంత్రంలో ఏ సేవ అన్నది చెప్పే అంకెలకు) ముడిపడి ఉంటుంది కనుక, ఒక కొస మారగానే అది తెగిపోతుంది.

దీనికి ఒక విరుగుడు, పాత నెట్‌వర్క్‌నే కొత్త చోటిదాకా సాగదీయడం. 2014లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 7348 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వివరించిన వీఎక్స్‌ల్యాన్ చేసేది అదే: స్థానిక నెట్‌వర్క్ ప్యాకెట్‌ను (డేటా మూటను) మరో కవరులో పెట్టి, దూరపు యంత్రానికి మామూలు ఐపీ దారిలో పంపుతుంది. ఒకే నెట్‌వర్క్‌ను విభాగాలుగా చీల్చే పాత వీల్యాన్ పద్ధతిలో 4,094 విభాగాలకే చోటుంటే, ఇందులో కోటీ అరవై లక్షలకు పైగా విభాగాలకు చోటుంది. అయితే ఆ కవరుకూ బరువుంటుంది. ప్రతి ప్యాకెట్‌కు 50 బైట్లు అదనం. మధ్య దారిలోని పరికరాలన్నీ ప్యాకెట్‌కు 1500 బైట్ల పరిమితికే అలవాటుపడి ఉంటే, నిండు ప్యాకెట్లు దాటలేక ఒక విచిత్రమైన జబ్బు పట్టుకుంటుంది: పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపు) పలుకుతుంది, లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, పెద్ద ఫైలు అడగ్గానే తెర అలాగే నిలిచిపోతుంది. ఈ లక్షణం చూసి డేటాబేస్‌ను అనుమానిస్తూ రాత్రంతా గడిపినవారు మా వృత్తిలో చాలామందే ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. పైగా ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి దారి చూపే గేట్‌వే పాత ఊళ్లోనే ఉండిపోతే, కొత్త ఊళ్లో పక్కపక్కనే ఉన్న రెండు మిషన్లు, వాటి సబ్‌నెట్‌లు (నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలు) వేరైనప్పుడు, ఒకదానితో ఒకటి మాట్లాడటానికి పాత ఊరిదాకా వెళ్లి రావలసి వస్తుంది. అందువల్ల ఈ సాగదీత తాత్కాలిక ఏర్పాటుగా ఉండాలే తప్ప శాశ్వత నివాసం కాకూడదని నా అభిప్రాయం.

క్లౌడ్‌కు వెళ్లేటప్పుడు ఇబ్బంది మరో రకంగా వస్తుంది. అమెజాన్ క్లౌడ్‌లోని ప్రైవేట్ నెట్‌వర్క్‌లో పైన చెప్పిన కేకకు తావే లేదు. ఏ చిరునామా ఏ మిషన్‌దో వారి యంత్రాంగమే నిర్ణయిస్తుంది. ప్రతి సబ్‌నెట్‌లో మొదటి నాలుగు చిరునామాలూ చివరిదీ వారు తమకే ఉంచుకుంటారు. మన దగ్గర ముఖ్యమైన సర్వర్‌కు చిరునామా చివర 2 లేదా 3 అంకె కేటాయించడం పాత అలవాటు. ఆ చిరునామాతో బతుకుతున్న డేటాబేస్‌ను యథాతథంగా అక్కడికి తీసుకువెళ్లడం కుదరదన్న సంగతి తరలింపు రాత్రి తెలియడం ఎంత ఖరీదైనదో ఊహించుకోవచ్చు.

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను సొంతం చేసుకుని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం నిలిపివేశాక, వర్చువల్ మిషన్లను నడపడానికి లినక్స్‌లోనే ఉన్న కేవీఎం ఆధారిత వేదికలకు మారాలనుకునే సంస్థలు పెరిగాయి. అక్కడ నెట్‌వర్క్ కార్డు రకమే మారుతుంది. వీఎంవేర్ వారి వీఎంఎక్స్‌నెట్3 కార్డుతో నడిచిన లినక్స్ మిషన్‌లో చిరునామా సాధారణంగా ‘ఈఎన్ఎస్192’ అన్న పేరు కింద రాసి ఉంటుంది. కొత్త వేదిక మీద విర్టియో కార్డు వేరే పేరుతో కనిపిస్తుంది కనుక, మిషన్ ఆరోగ్యంగానే లేస్తుంది, చిరునామా మాత్రం ఉండదు. విండోస్‌లోనైతే తీసేసిన పాత కార్డు కంటికి కనబడకుండా లోపల ఉండి, ఆ చిరునామా తనదేనని పట్టుకుని కూర్చుంటుంది. ముందే తెలిస్తే ఇవి ఐదు నిమిషాల పనులు.

ఇంతవరకు చెప్పినవన్నీ సాంకేతిక చిక్కులే, పరిష్కారాలున్నవే. అసలు ఆలస్యం వీటి వల్ల కాదు. కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయపు మిషన్లను కొత్త డేటా సెంటర్‌కు తరలించాం. శనివారం రాత్రి ఒంటిగంటకల్లా అన్నీ లేచాయి, ఒక్కరూ లాగిన్ కాలేకపోయారు. అప్లికేషన్ రాసినవారు డేటాబేస్‌ను పేరుతో కాక అంకెలతో పిలిచారు. ఆ అంకెలు ఆరు చోట్ల దొరికాయి, తెల్లవారేసరికి దిద్దాం. ఏడోది మరో కార్యాలయం వారి ఫైర్‌వాల్‌లో, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే నెట్‌వర్క్ కాపలాలో, ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత నాకు ఆ ఆదివారం పూర్తిగా అర్థమైంది: అందులో ఒక్క వరుస మార్చాలంటే లేఖ కావాలి, లేఖ మీద సంతకం కావాలి, సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారు.

ప్రకటనలో మూడు రోజులని అడిగేది ఎక్కువగా ఇలాంటి వాటి కోసమే. తరలింపు టెండరు పత్రాల్లో ప్రాసెసర్లు ఎన్ని, మెమరీ ఎంత, డిస్కు ఎన్ని టెరాబైట్లు అన్న లెక్క పేజీలకు పేజీలు ఉంటుంది. ఏ మిషన్ ఎవరితో, ఏ పోర్టులో మాట్లాడుతుందో చెప్పే చిరునామాల పట్టిక మాత్రం నేను చూసిన వాటిలో చాలా అరుదు. ఆ పట్టికను టెండరుకు ముందే తయారు చేయించాలని, అదీ కనీసం ఒక నెల రాకపోకలను గమనించి తయారు చేయించాలని నా మనవి. ఎందుకంటే జీతాల బిల్లుల వంటి కనెక్షన్లు నెలకొకసారే కదులుతాయి, వారం రోజుల పరిశీలనకు దొరకవు. అప్లికేషన్లలో అంకెలకు బదులు పేర్లు రాయించాలి. తరలింపుకు కొన్ని రోజుల ముందు పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌లో ఆ పేర్ల గడువును (జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలన్న లెక్కను) 300 సెకన్లకు తగ్గిస్తే, చిరునామా మారిన సంగతి వాడుకరుల కంప్యూటర్లలో చాలా వాటికి నిమిషాల్లోనే చేరుతుంది. ముందుగా అంత ముఖ్యం కాని ఒక మిషన్‌ను తరలించి చూడాలి. వెనక్కి రావలసి వస్తే ఉంటుందని పాతదాన్ని కొన్నాళ్లు దాచుకోవచ్చు గానీ, దాని నెట్‌వర్క్ తీగ తప్పనిసరిగా పీకి ఉంచాలి. ఒకే చిరునామాతో రెండూ లేస్తే జరిగే గందరగోళం గురించి రాయాలంటే మరో లేఖ అవుతుంది.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఇలాంటి ప్రకటన అందినప్పుడు, చిరునామాలు మారుతున్నాయా, మారితే ఎవరెవరికి ముందుగా తెలియజేశారు అని సంబంధిత అధికారులను అడగండి. నేను చెప్పిన కార్యాలయానికి ఆ ఏడో చిరునామా అనుమతి మంగళవారం మధ్యాహ్నం అందింది. వరుస మార్చడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

భవదీయుడు,
ఒక సర్వర్ల నిర్వాహకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్